గట్టు మీద గుండ్రటి అడుగులు

ఓడలరేవు,
19 జనవరి 2025

అక్కకి,

సాలమోను వందనాలు. మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందని మీ అమ్మాయి జాయ్ మెసేజ్ పెట్టింది. మనసు కుదుటపడింది. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ నా సంగతి నీకు తెలుసుగా, ఫోనులో ఒక్క ముక్క వినపడదు, అన్నిటికీ “ఆయ్, ఆయ్” అంటూ కూర్చుంటాను. పోయినసారి అలాగే మీ అల్లుడికి దేనికో ఒప్పుకున్నానట. దేనికో ఇప్పటికీ తెలియదు. అందుకే ఉత్తరం. నువ్వు రాజమండ్రిలో కూతురింట్లో మంచం మీద ఉన్నన్నాళ్ళూ రాస్తాను. జవాబు రాయడానికి నీకూ తీరికే కదా.

ఇక్కడ నా పరిస్థితి బాగోలేదు. చెరువులో చేపలు పోతున్నాయి. ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరై బస్సు దిగిపోయాక, మీ మరదలు సుగుణ కూడా దేవుడి దగ్గరికి వెళ్ళిపోయాక, ఈ చెరువే నాకు కాలక్షేపం. పొద్దున్నే తవుడు వేస్తే నా చేతి దగ్గరికి వచ్చే పెద్ద శీలావతులు ఈమధ్య కనపడడం లేదు. గట్టు మీద అక్కడక్కడ పొలుసులు. గడ్డి నలిగి ఉంటోంది.

ఎవరో నాకు తెలుసు. పక్క చెరువు వీరవెంకటరమణ గారు. మొన్న తెల్లవారుతూనే తన గట్టు మీద నిలబడి నా చెరువు వంకే చూస్తున్నాడు. పలకరిస్తే తల తిప్పుకున్నాడు. ఇన్నేళ్ళుగా కలిసి టీ తాగినవాడు తల తిప్పుకున్నాడంటే ఏమనుకోవాలి?

మందులు వేళకి వేసుకో. జాయ్‌కి దీవెనలు.

నీ తమ్ముడు,
సాలమోను


రాజమండ్రి,
24 జనవరి 2025

సాలమోనూ,

నీ ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చిందిరా. ఇక్కడ నాకు కనపడేవి రెండే, పైన ఫ్యాను, పక్కన బాల్కనీ. బాల్కనీలో మనీప్లాంటు కుండీలో పావురాలు గూడు పెట్టాయి. తీసేస్తానని అల్లుడు, వద్దని నేను. ఒకదానికి మెడ మీద తెల్లమచ్చ ఉంది కాబట్టి నాకు ఆనవాలు దొరికింది. పగలు మచ్చది పొదుగుతోంది, సాయంత్రం రెండోది వచ్చి కూర్చుంటోంది. మగది కూడా పొదుగుతుందని ఇన్నేళ్ళు బడిలో పిల్లలకి పాఠాలు చెప్పిన నాకు తెలియనే తెలియదు!

ఇక నీ దొంగ గురించి. ఒక్కటి చెప్పు. చేపలు ఎత్తుకుపోయేవాడు సంచిలో వేసుకుని చక్కాపోతాడు గానీ, నీ గట్టు మీద కూర్చుని పొలుసు రాల్చుకుంటూ ఎందుకు తింటాడు? ఆ పొలుసులు ఎక్కడెక్కడ పడుతున్నాయి? నీటి అంచునా, గడ్డిలోనా? తలకాయలూ ముళ్ళూ ఏమైనా మిగులుతున్నాయా? అడుగులున్నాయా? చెవులు పోతే పోయాయి, కళ్ళు బాగానే ఉన్నాయి కదా. గట్టు మీద మెత్తటి బురద పరిచి పొద్దున్నే చూడు. రమణ గారి గట్టు మీద కూడా చూడు. అటువైపే జమ్ముగడ్డి ఎక్కువ.

చూసిందల్లా రాయి. ఏమనుకున్నావో కాదు, ఏం చూశావో.

నీ అక్క,
కృపావతి


ఓడలరేవు,
31 జనవరి 2025

అక్కకి,

నువ్వు చెప్పినట్టు చేశాను. ఊరంతా నా గురించే చెప్పుకుంటున్నారు.

“రమణ గారి గట్టు మీద కూడా చూడు” అన్నావు. నీక్కూడా ఆయన మీదే అనుమానం ఉందని ధైర్యం వచ్చి, సూర్యుడు వాలే వేళ జమ్ము పక్కన నక్కి కూర్చున్నాను. ఎవరో వెనకనుంచి కాలరు పట్టుకుని లాగారు. చూస్తే రమణ గారు! పెదాలు ఆడుతున్నాయి, ముఖం ఎర్రబడింది. ఏమంటున్నారో అర్థం కాలేదు. మర్యాదకి “ఆయ్” అన్నాను.

తర్వాత సత్యదుర్గారావు నా చెవిలో నోరు పెట్టి చెప్పాడు. మోటార్లు బాగుచేసే కుర్రాడు, అప్పుడు రమణ గారి షెడ్డులోనే ఉన్నాడు. రమణ గారు నన్ను అడిగిందేమిటో తెలుసా? “ఎవరది ఎవరదని అరుస్తుంటే పలకరేంటండీ? నా చెరువులో చేపలు పట్టుకుపోతోంది మీరేనా?” దానికి నేనన్నాను, ఆయ్ అని.

ఆయన చెరువులోనూ పోతున్నాయట. ఇన్నాళ్ళూ నా మీద అనుమానంతో గట్టెక్కి చూస్తున్నాడట. నేను కాదని ఎంత చెప్పినా ఇప్పుడు నమ్మడు. మా ఇద్దరికీ మాటల్లేవు.

కానీ అక్కా, అడుగులు ఉన్నాయి. కాగితం మీద పెన్సిలుతో గీసి పంపుతున్నాను. ఉన్నంత కొలతే గీశాను. గుండ్రంగా, నాలుగు వేళ్ళు. ముందు సన్నగా గోటి గీతలు. రమణ గారి కుక్కే అయి ఉంటుంది. చేపలు తినడం నేర్పి నా మీదికి వదిలాడు. మోటారు షెడ్డు నుంచి వైరు లాగి గట్టు చుట్టూ కరెంటు పెట్టించేస్తాను. కుక్కయినా నక్కయినా తేలిపోతుంది.

నీ తమ్ముడు,
సాలమోను


రాజమండ్రి,
4 ఫిబ్రవరి 2025

సాలమోనూ,

కరెంటు పెట్టావంటే నీకూ నాకూ కూడా మాటలుండవు. తీగకి కళ్ళుంటాయా? రేపు గడ్డి కోయడానికి వచ్చిన మనిషి కాలు వేస్తే? గేదెదూడ వస్తే? సత్యదుర్గారావుని ఆ పని చేయొద్దన్నానని చెప్పు.

రమణ గారిని అనుమానించమని నేను ఎప్పుడన్నాను? అటు జమ్ము ఉంది, చాటు ఉంది, ఏదైనా జంతువు అక్కడ దాక్కుంటుందేమో చూడమన్నాను. నువ్వేమో పోయి నువ్వే దాక్కున్నావు! చదివి నవ్వాను, తర్వాత సిగ్గేసింది. వెళ్ళి క్షమాపణ అడుగు. బిస్కెట్ల డబ్బాలో దాచిపెట్టిన ఆ మిషను చెవికి పెట్టుకుని వెళ్ళు.

ఇక అడుగు. నీ బొమ్మ పక్కన పెట్టుకుని రెండు రోజులుగా చూస్తున్నాను. కింద వాచ్‌మన్ కుక్కని జాయ్ చేత బిస్కెట్ ఆశపెట్టి పిండి మీద నడిపించాను. అల్లుడు నా మోకాలికే కాదు, తలకీ ఏదో అయిందనుకున్నాడు. కుక్కది కాస్త పొడుగ్గా వచ్చింది, గోళ్ళు లోతుగా దిగాయి. నువ్వు గీసింది గుండ్రంగా ఉంది. పిల్లి అడుగులా ఉంది గానీ పిల్లికి గోటి గీతలు పడవు, పైగా ఇంత పెద్దది ఉండదు. నీటికుక్క అనుకుందామంటే దానికి ఐదు వేళ్ళట, మధ్యలో బాతుకాలిలా తోలు ఉంటుందట.

పిల్లిలా నడిచి, నీళ్ళలోకి దిగి చేపని పట్టేది ఏదిరా? పిల్లికి నీళ్ళంటే భయం కదా? నాకు నిద్ర పట్టడం లేదు. దాన్ని నువ్వు చూడాలి. నీ కళ్ళతో నేను చూడాలి.

పావురం గుడ్లు పిల్లలయ్యాయి. వికారంగా ఉన్నాయి, ఎంత ముద్దొస్తున్నాయో.

నీ అక్క,
కృపావతి


రాజమండ్రి,
9 ఫిబ్రవరి 2025

సాలమోను,

ఇవాళ చర్చిలో భవానీదేవి కలిసిందని జాయ్ చెప్పింది. మీ వీధి పిల్లే కదా ఆమె. సాలమోను గారి చెరువు దగ్గర పులిపిల్లలాంటిది వైరుకి చిక్కిందట, గట్టంతా రక్తమట, అని చెప్పిందట.

వద్దని రాశాను. అక్షరాలు పెద్దవి చేసి మరీ రాశాను. అదేమిటో తెలుసుకుందాం అన్నాను, చంపి చూద్దాం అనలేదు. ఒక్క ప్రాణి మన చెరువు గట్టుకి వచ్చి తన అడుగు గీసి వెళితే, దానికి మనం ఇచ్చిన జవాబు ఇదా?

ఇంతకంటే రాయలేను.

కృపావతి


ఓడలరేవు,
11 ఫిబ్రవరి 2025

అక్కకి,

ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. నీ నాలుగో తారీఖు ఉత్తరం పోస్టమ్మాయి రమ్యశ్రీ తెచ్చి ఇచ్చింది. కరెంటు మానేశాను. సత్యదుర్గారావు కూడా అంతకుముందే కాళ్ళూ చేతులూ అడ్డంపెట్టాడు, “మనిషి పోతాడండీ, నేను కలపను” అని. అప్పుడు నాకు తోచిందేమిటంటే, అక్క కరెంటే వద్దంది గానీ ఉచ్చు వద్దనలేదు కదా అని. బస్సు క్లచ్ వైరు పాతది ఉంటే ముడివేసి జమ్ము పక్కన దారిలో పెట్టాను. తిట్టుకో. నేను ఇప్పటికే తిట్టుకున్నాను.

శనివారం పొద్దున్నే మంచు పట్టి ఉంది. ఊరవతల గ్యాసు ప్లాంటు గొట్టం మీది మంట కూడా ఆ మంచులో దీపంలా కనపడుతోంది. గట్టెక్కేసరికి జమ్ము దగ్గర గడ్డి ఊగుతోంది. దగ్గరికి వెళ్ళాను. అక్కా, దాన్ని ఎలా చెప్పను? పిల్లే. కానీ ఇంట్లో పిల్లికి రెండింతలు. బురద రంగు ఒళ్ళు, దాని మీద నల్లటి చుక్కలు వరసలుగా. పొట్టి తోక. చిన్న చెవులు. ముందు కుడికాలు వైరులో బిగుసుకుపోయి ఉంది. అది నా వంక చూసింది. నోరు తెరిచి ఉంది.

నేను వంగి వైరు పట్టుకోబోయాను. భుజం మీద చెయ్యి పడింది. వెనక్కి చూస్తే రమణ గారు, పరుగెత్తుకు వచ్చినట్టున్నారు, రొప్పుతున్నారు. నా చెవి దగ్గర అరిచారు:

“ఏం మనిషండీ మీరు! అది గుర్రుమంటుంటే మా గట్టు దాకా వినపడి ఒణుకొచ్చింది. మీరేమో పూలు కోసేవాళ్ళలా చెయ్యి పెడుతున్నారు!”

“నాకు వినపడలేదండీ,” అన్నాను.

“ఆయ్. అది తెలుస్తూనే ఉంది.” దాని వంక చూసి ఆగిపోయారు. “ఇది బావురుపిల్లండీ. మా నాన్నగారు చెప్పేవారు, మడచెట్లలో ఉంటుంది, చేపలు పట్టుకు తింటుందని. నేను చూడ్డం ఇదే.”

మా ఇద్దరి దొంగా అదే. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాం.

అటవీశాఖ వాళ్ళకి రమణ గారు ఫోన్ చేశారు. వచ్చేసరికి ఆలస్యమవుతుందన్నారు, ముట్టుకోవద్దన్నారు. కానీ అది లాక్కుంటున్నకొద్దీ వైరు లోపలికి దిగిపోతోంది. మాకు ఆగబుద్ధి కాలేదు. రమణ గారు తడిపిన గోనెసంచులు తెచ్చి తల మీద కప్పి, దాని మీద వల వేసి పట్టుకున్నారు. నేను కటింగ్ ప్లేయరుతో వైరు కత్తిరించాను. కత్తిరించిన క్షణంలోనే నా చెయ్యి చీరేసింది. గోనెలోంచి జారి, మూడు కాళ్ళ మీద జమ్ములోకి పోయింది.

గట్టు మీద పడిన రక్తం సగం దానిది, సగం నాది. అమలాపురం పెద్దాసుపత్రికి రమణ గారే బండి మీద తీసుకెళ్ళారు. పిచ్చికుక్క కరిస్తే వేసే సూదులే వేశారు, ఇంకా ఉన్నాయి. అటవీశాఖ వాళ్ళు మధ్యాహ్నం వచ్చి గట్టంతా తిరిగి చూశారు. బావురుపిల్లి మీద చెయ్యి వేస్తే జైలే, బతికి పోయింది కాబట్టి ఈసారికి మందలించి వదులుతున్నాం అని, ఉచ్చు పట్టుకుపోయారు. తల వంచుకుని సంతకం పెట్టాను.

ఒక్క సంగతి నన్ను తినేస్తోంది. అది గోనె కింద వెల్లకిలా తిరిగినప్పుడు రమణ గారు చూశారట. పాలిచ్చే తల్లి అన్నారు. పిల్లలు ఎక్కడున్నాయో తెలియదు.

నీ తమ్ముడు,
సాలమోను


రాజమండ్రి,
15 ఫిబ్రవరి 2025

నా తమ్ముడికి,

నా తొమ్మిదో తారీఖు ఉత్తరం ఈపాటికి నీకు అంది ఉంటుంది. చింపెయ్యి. దెబ్బతిన్న చేత్తో అది విప్పి చదువుకుని ఉంటావని తలచుకుంటే అన్నం దిగలేదు. ఏమనుకున్నావో కాదు, ఏం చూశావో రాయమని నీకు పాఠం చెప్పినదాన్ని, ఎవరో చెప్పిన మాట పట్టుకుని నీ మీద విరుచుకుపడ్డాను.

ఉచ్చు సంగతి మాత్రం క్షమించలేదు. అది నువ్వు వచ్చాక ముఖాముఖీ.

బావురుపిల్లి! పేరే ఎంత బాగుందిరా. జాయ్ ఫోనులో దాని ఫోటో చూపించింది. వేళ్ళ మధ్య కాస్త తోలు ఉంటుందట. గోళ్ళు పూర్తిగా లోపలికి పోవట. నీ బొమ్మలో గోటిగీతలు అందుకే పడ్డాయి! నువ్వు ఎంత సరిగ్గా గీశావో చూడు. అది నీళ్ళ అంచున కూర్చుని, పురుగు వాలినట్టుగా పంజాతో నీటిని తడుతుందట. చేప పైకి వస్తుందట. నిజమేనా? ఎవరో రాసింది నేను నమ్మను, నువ్వు చూసి చెప్పాలి.

పిల్లల కోసం వెతకొద్దు. జమ్ములోకి వెళ్ళొద్దు. మనిషి వాసన తగిలితే తల్లి వాటిని ఎక్కడికి మోసుకుపోతుందో! మూడు కాళ్ళతో ఎలా మోస్తుంది? దూరం నుంచి చూడు. సూదులు మానొద్దు.

నీ అక్క,
కృపావతి


ఓడలరేవు,
28 ఫిబ్రవరి 2025

అక్కకి,

నీ కోపం ఉత్తరం అందింది. చింపలేదు. ఆ మాటలు నాకు అవసరమే.

ఇక్కడ చేపలు పోవడం లేదు. పొద్దున్నే తవుడు వేస్తే అన్నీ వస్తున్నాయి. గట్టు మీద పొలుసు లేదు, బురదలో అడుగు లేదు. నెలక్రితం ఇదే జరిగి ఉంటే సంబరపడేవాణ్ణి. ఇప్పుడు ఏమీ లేని ఆ గట్టు చూస్తే దిగులుగా ఉంటోంది. రోజూ పొద్దున్న బురద నునుపు చేసి వస్తాను, మర్నాడు అలాగే ఉంటుంది. కొంగల అడుగులు, పీతల గీతలు, అంతే.

రమణ గారూ నేనూ ఇప్పుడు రోజూ టీ కలిసే తాగుతున్నాం. చెవి మిషను పెట్టుకుంటున్నాను. మొదటిరోజు జమ్ములో గాలి చప్పుడు విని ఉలిక్కిపడ్డాను, ఎవరో చీర విదిలిస్తున్నారనుకున్నాను. ఎన్నేళ్ళయిందో ఆ చప్పుడు విని.

ఒకనాడు జమ్ము అంచున ఎండిపోయిన దాని పెంట కనపడింది. పుల్లతో విప్పి చూశాం. ఇద్దరు ముసలాళ్ళం బోర్లా పడుకుని పెంట చూస్తున్నామని రమ్యశ్రీ నవ్వింది. అందులో ఏమున్నాయో తెలుసా? చేపముళ్ళు కొన్ని. మిగతావన్నీ పీత పెంకులు, ఎలుక పళ్ళు. మా గట్లకి కన్నాలు పెట్టి నీళ్ళు పోయేలా చేసేవి ఆ పీతలే, రమణ గారి కొబ్బరి పిందెలు కొరికేవి ఆ ఎలుకలే. రమణ గారు పుల్ల పక్కన పెట్టి, “ఇన్నాళ్ళూ మనకి కాపలా కాసిందండీ ఇది,” అన్నారు. నా చేపలు నిజంగా ఎన్ని పోయాయో, పోయాయని ఎన్ని అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

ఇంకోటి. రమణ గారు ఈ నెలలో జమ్మంతా తీయించి చెరువు పెద్దది చేద్దామని పొక్లెయిన్ మాట్లాడుకున్నారు. మొన్న అది వచ్చింది కూడా. ఆయన జాగా, ఆయన ఇష్టం అనుకున్నాను. ఆయన గట్టు మీద నిలబడి, డ్రైవర్‌తో, “ఈ పక్క వద్దులే బాబూ, ఆ పక్క కాలవ పూడిక తీసేసి వెళ్ళు,” అన్నారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, “అది ఉందో పోయిందో తెలియకుండా దాని ఇల్లెలా పీకుతామండీ?” అన్నారు.

నాకు భయంగా ఉంది అక్కా. ఆ కాలు చీము పట్టిందేమో. పిల్లలు ఆకలితో ఉన్నాయేమో. ప్రార్థనలో దాని పేరు ఎలా చెప్పాలో తెలియక, ఆ తల్లి అంటున్నాను.

నీ తమ్ముడు,
సాలమోను


రాజమండ్రి,
6 మార్చి 2025

సాలమోనూ,

నీ ఉత్తరం జాయ్ గట్టిగా చదివింది. అల్లుడు కూడా విని, బాల్కనీలోకి వెళ్ళి పావురాల గిన్నెలో నీళ్ళు పోశాడు.

ఆ తల్లికి ఏమయిందో నాకు తెలియదు. బాగానే ఉంటుందిలే అని రాయడం తేలిక, కానీ అది అబద్ధమవుతుంది. తెలియనిదాన్ని తెలియనట్టే ఉంచుకుని రోజూ వెళ్ళి చూడటం కష్టమే. అయినా వెళ్ళు. బురద నునుపు చెయ్యడం మానకు. రాకపోతే రాలేదని రాయి. నేను కర్ర పట్టుకుని హాలు దాకా నడుస్తున్నాను.

నీ అక్క,
కృపావతి


ఓడలరేవు,
13 మార్చి 2025

అక్కకి,

ఉత్తరం పొడుగ్గా రాయను, ముందు ఇది చెప్పాలి.

సోమవారం బురదలో అడుగులు కనపడ్డాయి. మూడు సరిగ్గా, నాలుగోది కొంచెమే, ఆనీ ఆనకుండా. వాటి పక్కన చిన్నచిన్నవి, నా బొటనవేలంత, ఒకదాని మీద ఒకటి తొక్కుకుంటూ. రమణ గారిని పిలవడానికి పరుగెత్తి జారి పడ్డాను, ఏమీ కాలేదు.

ఈరోజు చూశాను. తెల్లవారి, ఇంకా ఎండ రాలేదు. రమణ గారూ నేనూ షెడ్డు వెనక ఉన్నాం. అది జమ్ములోంచి వచ్చింది. చిక్కిపోయింది. కుడికాలు ఎత్తిపెట్టుకుని నడుస్తోంది, కానీ గాయం మానింది, వాపు లేదు. నీటి అంచున కూర్చుంది. చాలాసేపు కదల్లేదు. తర్వాత ఎడమ పంజా చాపి నీటిని తట్టింది, మెల్లగా, రెండు మూడుసార్లు. నిజమే అక్కా. ఎవరు రాశారో గానీ సరిగ్గానే రాశారు. నీళ్ళ మీద సన్నటి వలయాలు లేచాయి. పురుగు వాలిందనే అనుకున్నాను నేను కూడా.

జమ్ము అంచున రెండు పిల్లలు తలలు బయటపెట్టి చూస్తున్నాయి. వాటిలో ఒకటి తన ముందున్న బురదని పంజాతో తడుతోంది. రమణ గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

నీటి అడుగునుంచి ఒక చేప పైకి వచ్చింది. నాదే, నా చేతి తవుడు తిని పెరిగిన శీలావతి. తల్లి మూడు కాళ్ళ మీదే నీళ్ళలోకి దూకింది. తల మునిగింది. పైకి వచ్చేసరికి నోట్లో చేప కొట్టుకుంటోంది, అది తూలిపోతోంది, గట్టెక్కబోతే ఆ కాలు ఆనడం లేదు, జారింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ జారింది.

నేను షెడ్డు వెనకనుంచే, “పట్టు వదలకే, వదలకే తల్లీ,” అంటున్నాను.

నీ తమ్ముడు,
సాలమోను

వదల్లేదు.